పిల్లికూనకు జబ్బు చేస్తే... తక్కువ ఖర్చులో వైద్యం ఇలా

మొన్న మాసూళ్ల రోజుల్లో మా ఊళ్లో ఒక కౌలు రైతు వరికుప్ప తీయిస్తుంటే అడుగున మూడు పిల్లికూనలు బయటపడ్డాయి. రెండు అప్పటికే చచ్చి వున్నాయి. మూడోది కళ్లు పుసి కట్టి అతుక్కుపోయి, ముక్కు కారుతూ, అరవడానికి కూడా ఓపిక లేక పడి వుంది. తల్లి పిల్లి జాడ లేదు. ఆ రైతు కూతురు ఏడో తరగతి చదువుతోంది. కూనని పాత తువ్వాలులో చుట్టుకుని మా ఇంటికొచ్చింది. "బాబాయ్, మీరు పేపర్లో పశువుల గురించి రాస్తారు గదా. దీనికి డాక్టరు ఎక్కడుంటాడు? నాన్న పది రూపాయలు కూడా ఇవ్వనన్నాడు" అని అడిగింది.

ఆయన్ని తప్పు పట్టలేం. కౌలు కట్టాలి, కోత మిషనుకు కట్టాలి. పాడి గేదెకు జబ్బు చేస్తేనే డాక్టరును పిలవడానికి ముందూ వెనకా చూసుకునే రోజులివి. పిల్లికి వైద్యమంటే చాలామంది నవ్వుతారు. కానీ గాదెలో ధాన్యం, అటక మీద విత్తనం మినుములు, గోనె సంచులు వున్న ఇంట్లో పిల్లి విలువ ఏమిటో రైతుకు వేరే చెప్పక్కర్లేదు. అదీగాక పిల్లికూన వైద్యానికి మీరనుకున్నంత ఖర్చు కాదు. ఖర్చు పెరిగేది రెండు కారణాల వల్ల. ఆలస్యంగా తీసుకెళ్లడం ఒకటి, ఇంట్లో వున్న పశువుల మందో మనుషుల మందో వేసి జబ్బును ముదరబెట్టుకోవడం రెండోది.

ఈ రెండో తప్పు నేనూ చేశాను. పన్నెండేళ్ల కిందట మా ఇంట్లో ఒక కూనకు ఒళ్లంతా పురుగులు పడితే, గేదెలకు పిడుదులు పోవడానికి వాడగా మిగిలిన డెల్టామెత్రిన్ మందు నీళ్లలో కలిపి దాని ఒంటికి పూశాను. గేదెకు పనిచేసింది పిల్లికి పనిచెయ్యదా అనుకున్నాను. రెండు గంటలు తిరక్కుండానే కూనకు వణుకు పట్టుకుంది, నోట్లోంచి చొంగ కారింది, కాళ్లు కొట్టుకుంది. తెల్లారేసరికి చచ్చిపోయింది. ఆ సంగతి డాక్టరుగారికి చెబితే, "పురుగులు చంపలేదండీ దాన్ని, మీరు చంపారు" అన్నారు. అందుకే ఈసారి ఆ అమ్మాయి కూనను తెచ్చినప్పుడు మందుల బీరువా జోలికి పోలేదు.

ఆస్పత్రికి వెళ్లే లోపు

ముందుగా ఒక మాట. కూన ఒంటరిగా కనిపించినంత మాత్రాన తల్లి లేనిదని కాదు. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందంటారు. ఒక్కొక్కదాన్నే నోట కరుచుకుని తీసుకుపోతుంది కాబట్టి మధ్యలో ఒకటి మిగిలిపోయినట్టు కనిపిస్తుంది. కూన బొద్దుగా, వెచ్చగా వుంటే ముట్టుకోకుండా దూరంగా వుండి కొన్ని గంటలు కనిపెట్టండి. చల్లబడినా, కళ్లు అతుక్కుపోయినా, చీమలు పట్టినా ఇక ఎదురు చూడొద్దు, తీసుకోండి.

తీసుకున్నాక మొదటి పని పాలు పట్టడం కాదు, వెచ్చబెట్టడం. చిన్న కూనకు తన ఒంటి వేడిని తాను నిలుపుకునే శక్తి వుండదు. ఒళ్లు చల్లబడిన కూనకు పాలు పడితే అరగవు, ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదమూ వుంది. సీసాలో వేడినీళ్లు పోసి గుడ్డ చుట్టి అట్టపెట్టెలో ఒక పక్కన పెట్టండి. రెండో పక్క ఖాళీగా వుంచితే వేడి ఎక్కువైనప్పుడు కూన అటు జరుగుతుంది. బల్బు కిందో పొయ్యి పక్కనో పెట్టొద్దు, చర్మం కాలుతుంది.

ఇక మేత. చాలామంది చేసే పని పళ్లెంలో ఆవుపాలో గేదెపాలో పోసి ముందు పెట్టడం. అవి చాలా కూనలకు పడవు, విరేచనాలు పట్టుకుంటాయి. అసలే నీరసంగా వున్న కూన విరేచనాలతోనే పోతుంది. వయసు ఎలా తెలుస్తుందంటే, ఏడు నుంచి పద్నాలుగు రోజుల మధ్య కళ్లు తెరుస్తుంది, మూడు నాలుగు వారాలకు ముందు పళ్లు వస్తాయి. పళ్లొచ్చి తడబడకుండా నడుస్తున్నదయితే ఉడికించిన కోడిగుడ్డు, ముల్లు తీసిన ఉడికించిన చేప, కోడిమాంసం మెత్తగా నలిపి పెట్టొచ్చు. ఉప్పు, కారం, ఉల్లిపాయ తగలకూడదు. ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తాన్ని పాడు చేస్తాయి. పళ్లు రాని కూనకు మాత్రం పాలే దిక్కు. పట్నంలో పిల్లికూనల పాలపొడి డబ్బాలు దొరుకుతాయి గానీ ఖరీదు ఎక్కువ. అది కొనే స్తోమతు లేకపోతే, మీకు దొరికే పాలనే ఎలా తయారుచేసి ఎంత పట్టాలో మొదటి రోజే డాక్టరును అడిగి రాయించుకోండి. రెండు మూడు గంటలకోసారి, రాత్రిపూట కూడా పట్టాలి. ఈ ఓపిక లేకపోతే కూన బతకదు. ముందే తెలిసి వుండటం మంచిదని చెబుతున్నాను.

పాలు పట్టేటప్పుడు పసిబిడ్డను పడుకోబెట్టినట్టు వెల్లకిలా పెట్టకండి. బోర్లా, నాలుగు కాళ్ల మీద వుంచి సూది తీసేసిన సిరంజితో నోటి పక్కనుంచి చుక్క చుక్కగా వెయ్యాలి. మూడు వారాల్లోపు కూన తనంతట తాను మూత్రం, దొడ్డికి పోలేదు. తల్లి నాకితేనే పోతుంది. తల్లి లేనప్పుడు గోరువెచ్చని నీటిలో తడిపిన దూదితో తోక కింద మెల్లగా తుడవాలి. ఈ ఒక్క సంగతి తెలియక కడుపుబ్బి చచ్చిపోయే కూనలు ఎన్నో.

కళ్ల పుసికి కాచి చల్లార్చిన నీళ్లలో దూది ముంచి తడిపి, నానాక తుడవండి. ఒక కంటికి వాడిన దూది రెండో కంటికి వాడొద్దు. ఇంట్లో ఎవరికో రాసిచ్చిన కళ్ల చుక్కలు మిగిలాయని అవి వెయ్యకండి. వాటిలో స్టెరాయిడ్ వుంటే, కంటిలో పుండు వున్న కూనకు చూపే పోవచ్చు.

ఇవి మాత్రం వద్దు

జ్వరమని పారాసిటమాల్ బిళ్ల వెయ్యొద్దు. సగమూ వద్దు, పావూ వద్దు. మనుషుల కాలేయం ఆ మందును విరిచి బయటకు పంపిస్తుంది. పిల్లి కాలేయానికి ఆ శక్తి లేదు. 500 మిల్లీగ్రాముల బిళ్ల ఒక్కటి పెద్ద పిల్లినే చంపగలదు. చిగుళ్లు గోధుమ రంగుకో నీలానికో తిరుగుతాయి, మొహం వాస్తుంది, ఊపిరి అందదు. పిల్లలకు వాడే జ్వరం సిరప్పూ ఇదే మందు.

పిడుదుల మందుల గురించి చెప్పాను. డెల్టామెత్రినే కాదు, సైపర్‌మెత్రిన్, పెర్‌మెత్రిన్, అమిట్రాజ్ ఏవీ పిల్లికి తగలకూడదు. కుక్కల కోసం అమ్మే పౌడర్లలో కూడా ఇవి వుంటాయి. కిరసనాయిలు, ఫినాయిలు, కర్పూరం, కలరా ఉండలు కూడా విషమే. పిల్లి ఒళ్లంతా నాకి శుభ్రం చేసుకుంటుంది గనుక పైన పూసిందల్లా కడుపులోకే పోతుంది. మరి బొచ్చులో దూకే నల్ల పురుగులకు ఏం చెయ్యాలి? పేల దువ్వెనతో దువ్వి, పడ్డ పురుగుల్ని సబ్బు నీళ్లలో వెయ్యండి. కూన మరీ నీరసంగా లేకపోతే గోరువెచ్చని నీళ్లు, పసిపిల్లల సబ్బుతో కడిగి వెంటనే పొడిగా తుడిచి వెచ్చబెట్టండి. ఖర్చు లేదు. అలాగని ఈ పురుగుల్ని తేలిగ్గా తీసుకోవద్దు. అరకిలో లేని ప్రాణి రక్తం ఎన్నాళ్లు తాగనిస్తుంది? చిగుళ్లు తెల్లగా పాలిపోతే అదే రోజు ఆస్పత్రికి పోవాలి.

ఎక్కడికి వెళ్లాలి

ఆ అమ్మాయి వచ్చిన రోజు నేను ముందు పట్నంలో ఒక ప్రైవేటు క్లినిక్‌కు ఫోను చేశాను. చూడకముందే రక్త పరీక్ష, ఎక్స్‌రే, రెండు వేలకు తక్కువ కాదన్నారు. వాళ్ల ఖర్చులు వాళ్లకుంటాయి గానీ, ఆ మాట విని చాలామంది కూనను మళ్లీ గడ్డిలోనే వదిలేస్తారు.

ప్రభుత్వ పశు వైద్యశాల ఆవులు, గేదెలు, జీవాలకు మాత్రమే అనుకోవడం పొరపాటు. అక్కడి డాక్టరు కుక్కలకు, పిల్లులకు, కోళ్లకు కూడా వైద్యం చదువుకున్నవారే. చూసినందుకు ఫీజు వుండదు, వున్నచోట చీటీకి నామమాత్రంగా తీసుకుంటారు. మేం మండల కేంద్రంలో ఆస్పత్రికి వెళ్లాం. డాక్టరుగారు గాలికుంటు టీకాలకు ఊళ్లోకి వెళ్లారట. కాంపౌండరు "రేపు పొద్దున్నే రండి" అన్నాడు. ఒక రోజు బస్సు చార్జీ దండగ. అంచేత ముందు ఫోను చేసి డాక్టరు వుండే వేళ కనుక్కుని బయల్దేరండి. ఆంధ్రప్రదేశ్‌లో రైతు సేవా కేంద్రంలో పశుసంవర్ధక సహాయకులు వుంటే ఆ నంబరు వాళ్లే ఇస్తారు.

మర్నాడు డాక్టరుగారు చూశారు. పళ్లను బట్టి అయిదు వారాలు వుంటుందన్నారు. బరువు 320 గ్రాములు. ఆ వయసుకు అరకిలో దాకా వుండాలి. మెడ మీద చర్మం పట్టుకుని పైకి లాగి వదిలితే వెంటనే దిగలేదు. ఒంట్లో నీరు తగ్గిందనడానికి అది గుర్తు, ఇంట్లో మీరూ చూడొచ్చు. చర్మం కింద సెలైన్ ఎక్కించారు. పడిశం జబ్బుకు యాంటీబయాటిక్, కంటికి ఆయింటుమెంటు రాశారు. నులిపురుగుల మందు కాస్త కోలుకున్నాక వేద్దామన్నారు.

ఇక్కడ ఖర్చు సంగతి చెప్పుకోవాలి. సర్కారు ఆస్పత్రికి వచ్చే మందులు చాలామటుకు పాడి పశువులకు సరిపడేవే. పిల్లి మందు చాలాసార్లు బయట కొనాలి. కానీ 320 గ్రాముల ప్రాణికి పట్టే మందు ఎంత? గేదె కోసం తెరిచిన ఇంజక్షన్ సీసాలో కొన్ని చుక్కలు. డాక్టరుగారు సిరంజిలో కొలిచి మూడు రోజులకు సరిపడా ఇచ్చారు. కంటి ఆయింటుమెంటు ఒక్కటే మామూలు మెడికల్ షాపులో కొన్నాం. కంపెనీ పేరు కాకుండా మందు పేరు రాయమని అడిగితే జనరిక్ దుకాణంలో ఇంకా తక్కువకు దొరుకుతుంది. రెండు రోజుల బస్సు చార్జీలతో సహా మొత్తం మూడు వందలు దాటలేదు.

మండలంలో తేలకపోతే జిల్లా కేంద్రంలోని వెటర్నరీ పాలీక్లినిక్‌కు పంపిస్తారు. మన జిల్లా వాళ్లకు గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల దగ్గర్లోనే వుంది. కళాశాల ఆస్పత్రిలో విద్యార్థులు, ప్రొఫెసర్లు కలిసి చూస్తారు. కాస్త ఆలస్యమైనా ఓపిగ్గా చూస్తారు, పరీక్షలూ తక్కువలో అవుతాయి. తిరుపతి, ప్రొద్దుటూరు, గరివిడి, తెలంగాణలో రాజేంద్రనగర్, కోరుట్ల, మామునూరులో కూడా పశువైద్య కళాశాలలున్నాయి. చదువులకో పనులకో హైదరాబాదు, విశాఖ వెళ్లిన మన పిల్లలకు ఇలాంటి కూన దొరికితే అక్కడ జంతు సంక్షేమ సంస్థలు వున్నాయి. హైదరాబాదు బ్లూక్రాస్ 1992 నుంచి పనిచేస్తోంది.

1962 నంబరు సంచార పశు వైద్య వాహనాల గురించి కూడా అడుగుతున్నారు. తెలంగాణలో 2017లో, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో అవి మొదలయ్యాయి. అవి ముఖ్యంగా పాడి పశువులు, జీవాల కోసం పెట్టినవి. ఈనలేక ఇబ్బంది పడే గేదె ఒకచోట వుండగా పిల్లికూన కోసం బండిని రప్పించడం సబబు కాదని నా అభిప్రాయం. బండి ఎలాగూ మీ ఊరొచ్చి వుంటే మాత్రం కూనను చూపించి సలహా అడగడంలో తప్పు లేదు.

ప్రైవేటుకే వెళ్లాల్సి వస్తే మొహమాటం లేకుండా ముందే చెప్పండి: "అయ్యా, నా దగ్గర ఇంతే వుంది, ఇందులో ముందు ఏది అవసరం?" పరీక్ష రాస్తే, దాని ఫలితాన్ని బట్టి మందు మారుతుందా అని అడగండి. మారకపోతే ఆ పరీక్ష ఆపవచ్చేమో వాళ్లే చెబుతారు. మంచి డాక్టరు ఈ ప్రశ్నకు కోపగించుకోరు.

ఆగకూడని జబ్బు

జలుబు, పుసి, నులిపురుగులు ఒకటి రెండు రోజులు ఆగినా సర్దుకోవచ్చు. వాంతులు, రక్తం పడే విరేచనాలు, నీళ్ల గిన్నె ముందు తల వాల్చి కూర్చోవడం కనిపిస్తే ఆగొద్దు. పాన్‌ల్యూకోపీనియా అనే వైరస్ జబ్బు ఇలాగే వస్తుంది. దీనికి సూటిగా పనిచేసే మందంటూ లేదు. సెలైన్ ఎక్కిస్తూ, వేరే జబ్బులు తోడు కాకుండా చూసి నిలబెట్టాలి. చిన్న కూనల్లో ఎక్కువ భాగం చనిపోతాయి. డాక్టరు ఆశ లేదంటే, అప్పు చేసి పట్నాలు తిప్పకండి. ఇది మనుషులకూ పశువులకూ అంటదు గానీ, వైరస్ ఆ చోట ఏడాది దాకా బతికి వుండగలదు. పడుకున్న గోనెలు కాల్చేసి, నేల బ్లీచింగ్ పౌడరు నీళ్లతో కడిగి ఆరాకే వేరే పిల్లిని రానివ్వాలి. మందు తిన్న ఎలుకను పిల్లి తినడం కూడా మన వైపు మామూలే. బ్రోమోడయోలోన్ మందయితే రెండు మూడు రోజులు పోయాక రక్తస్రావం మొదలవుతుంది, దానికి విటమిన్ కె1 విరుగుడు వుంది. మందు పొట్లం కవరు వెంట తీసుకెళ్లండి, ఏ మందో డాక్టరుకు తెలియాలి.

ఇంట్లో వాళ్ల సంగతి

వీధి కూన కరిచినా, గోరు గీరినా తేలిగ్గా తీసుకోవద్దు. రేబిస్ కుక్కల వల్లనే కాదు, పిల్లి వల్లా వస్తుంది. గాయాన్ని పారే నీళ్ల కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి, అదే రోజు ప్రభుత్వాస్పత్రికి వెళ్లండి. టీకా అక్కడ ఉచితం. పసుపు, కారం, సున్నం పెట్టి కట్టు కట్టొద్దు. మా అమ్మాయికి ముంజేతి మీద గీరుకుంది. కూన ఖర్చు మూడు వందలు చూసి గొణిగిన వాళ్ల నాన్న, ఈ సంగతి చెప్పగానే మారు మాట్లాడకుండా సైకిలెక్కించుకుని పీహెచ్‌సీకి తీసుకెళ్లాడు.

కూన ఒంటి మీద గుండ్రంగా బొచ్చు రాలితే తామర కావచ్చు, పిల్లలకు అంటుకుంటుంది. గర్భిణులు పిల్లి దొడ్డి ఎత్తకూడదు. గొర్రెలు, మేకలు పెంచేవారు మరో సంగతి గుర్తుంచుకోవాలి. పిల్లి దొడ్డిలో వచ్చే టాక్సోప్లాస్మా అనే సూక్ష్మజీవి మేతలో కలిస్తే చూడి జీవాలు ఈసుకుపోతాయి. ముఖ్యంగా కూన వయసు పిల్లులే దీన్ని ఎక్కువగా వదులుతాయి. అంచేత దాణా డ్రమ్ములకు మూతలు పెట్టండి, గడ్డివామి మీద పిల్లి పడక వెయ్యకండి. ఇసుక పోసిన తట్ట ఒకటి మూలన పెట్టి రోజూ ఎత్తి పూడ్చండి.

మా కూన ఇప్పుడు కిలో దాటింది. కిరాణా కొట్టు కాటాలో ఆదివారం ఆదివారం తూచి అమ్మాయి నోటు పుస్తకంలో రాస్తోంది. బరువు పెరక్కపోతే జబ్బు వున్నట్టే అని డాక్టరుగారు చెప్పారు. మూడు నెలలు నిండుతున్నాయి గనుక రేబిస్ టీకా వేయించాలి. ఏటా జూలై 6న జూనోసిస్ దినం సందర్భంగా పశు వైద్యశాలల్లో పెంపుడు కుక్కలకు ఉచితంగా ఈ టీకా వేస్తుంటారు, పిల్లికి వేస్తారేమో ముందుగా అడగండి. మాకు మాత్రం అన్నాళ్లు ఆగే వీల్లేదు, వచ్చే సోమవారం మండలానికి వెళుతున్నాం. ఆడకూన కాబట్టి ఆరు నెలలకు పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ గన్నవరంలో ఎంతవుతుందో కూడా ఆ రోజే కనుక్కోవాలి. లేకపోతే వచ్చే మాసూళ్లకు కుప్ప కింద మళ్లీ కూనలే.